రాజుగారి వేడుక బొమ్మలు మన తాళపత్రాల్లో ఎందుకు లేవు?

ప్రశ్న: మొఘల్ పుస్తకాల్లో రాజుల వేడుకలు రంగురంగుల బొమ్మలుగా కనిపిస్తాయి. చెన్నై దగ్గరి తిరువొత్తియూరు గుడి ఉత్సవానికి చోళరాజే స్వయంగా వచ్చాడంటారు. మరి మన తాళపత్రాల్లో అలాంటి బొమ్మలు అంతగా కనబడవేం?

జవాబు: రాజు వచ్చిన మాట నిజమే. 12వ శతాబ్దిలో రెండో రాజాధిరాజు పంగుని ఉత్తరం ఉత్సవానికి వచ్చి, అక్కడి మఠాధిపతి చతురానన పండితుడి సమక్షంలో శివభక్తుడు సుందరమూర్తి నాయనారు పురాణం విన్నాడని అక్కడి శాసనం చెబుతోంది. ఆ సుందరుడు సంగిలి అనే అమ్మాయిని పెళ్లాడింది ఆ ఊళ్లోనే అని పురాణం.

ఇక తాటాకు సంగతి. దాని వెడల్పు రెండు మూడు వేళ్లు. గంటంతో గీసి, గీతల్లో మసి రుద్దుతారు. అక్షరాలకు అది చాలు. రంగు పూస్తే మాత్రం, కట్ట విప్పి కట్టినప్పుడల్లా ఆకులు ఒకదానికొకటి రాసుకుని ఆ రంగు రాలిపోతుంది.

అలాగని తప్పంతా ఆకు మీదికి నెట్టలేం. తూర్పున పాలరాజుల కాలంలో బౌద్ధులు శ్రీతాళ పత్రాల మీదే ప్రజ్ఞాపారమిత గ్రంథానికి రంగుల బొమ్మలు వేశారు. ఒడిశా చిత్రకారులు తాటాకు మీదే గంటంతో బొమ్మలు చెక్కారు. అసలు తేడా బొమ్మ ఎవరి కోసమన్న దగ్గర వస్తుంది.

షాజహాన్ 'పాద్‌షానామా'లో 1632 నాటి పుట్టినరోజు తులాభారం బొమ్మ ఉంది. పాదుషా త్రాసులో కూర్చున్నాడు, చుట్టూ కొలువు. ఆ పుటను చేతిలోకి తీసుకుని చూసే భాగ్యం ఏ కొద్దిమందికో. మన దగ్గర పుస్తకం ఒకరు చదివితే పదిమంది వినేది. తిరువొత్తియూరు త్రిపురసుందరి మీద వాగ్గేయకారుడు త్యాగయ్య తెలుగులో కట్టిన ఐదు కృతులూ చెవికి అందినవే. కంటికి కావలసింది గుడి కప్పుకెక్కింది.

ప్రశ్న: ఎలా ఎక్కించారు?

జవాబు: సున్నపు గచ్చు నున్నగా చేసి, కావి ఎరుపు, పసుపు మట్టి, మసి నలుపు వాడేవారు. లేపాక్షిలో 16వ శతాబ్ది గుడి కప్పు మీద, ఆ గుడి కట్టించిన విరూపణ్ణ, పొడుగాటి కుళ్లాయిలు పెట్టుకున్న అతని పరివారం చేతులు జోడించి నిలబడి ఉంటుంది. తమిళనాడులోని తిరువారూరు గుడి దేవాశ్రయ మండపం కప్పు మీద, 17వ శతాబ్ది చివరలో, ముచుకుంద చక్రవర్తి ఇంద్రుడి దగ్గర్నుంచి త్యాగరాజస్వామి అనే శివమూర్తిని తెచ్చిన కథ వరసలు వరసలుగా నడుస్తుంది: ఊరేగింపు, వాద్యగాళ్లు, ఆటగత్తెలు. ప్రతి వరస కిందా తమిళంలో వివరం. చిత్రకారుడు సింగాదనం తన పేరు కూడా రాసుకున్నాడు. ఆ త్యాగరాజస్వామి పేరిటే తిరువొత్తియూరులోనూ ఊరేగింపులు.

అంటే మన తాళపత్రంలో మాటా, గుడి కప్పు మీద బొమ్మా ఒకే పుస్తకంలో రెండు సగాలు. ఒకటి గ్రంథాలయంలో, రెండోది గుడిలో ఉండబట్టి విడివిడిగా చూస్తున్నాం. తాళపత్రంలో బొమ్మలేదని నిరాశపడేవారు ఒకసారి తిరువారూరు వెళ్లి తల పైకెత్తాలి.