హైవే ఎక్కగానే జీపు ఎందుకు వేడెక్కుతుంది?

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతంలో ఒకే బండి రెండు రకాల దారుల్లో తిరగాలి. వారపు సంతకో, అడవిలోని పల్లెలో జరిగే వైద్య శిబిరానికో వెళ్లాలంటే రాళ్లు, వాగులు, ఎర్రమట్టి. పని ముగించుకుని జగదల్‌పూర్ వైపో, సుక్మా, కుంట మీదుగా భద్రాచలం వైపో మళ్లితే 30వ నంబరు జాతీయ రహదారి. ఇలా తిరిగే జీపుల్లో, బొలెరోల్లో ఒక వింత చిక్కు కనిపిస్తుంది. అడవి దారిలో చిన్న గేర్లలో గంటల తరబడి నడిచినా ఉష్ణోగ్రత ముల్లు మధ్యలోనే ఉంటుంది. హైవే ఎక్కి 80 కిలోమీటర్ల వేగం అందుకున్న పది నిమిషాలకే ఎర్రగీత వైపు కదులుతుంది.

వేగం పెరిగితే గాలి బాగా తగులుతుంది కదా, ఇంజన్ చల్లబడాలి కదా అనిపించడం సహజం. కారణం తెలియక ఈరోజు థర్మోస్టాట్, రేపు ఫ్యాన్, ఎల్లుండి వాటర్ పంపు అంటూ ఒక్కొక్కటే మార్చుకుంటూ పోతే డబ్బు ఖర్చవుతుంది, జబ్బు మాత్రం అలాగే ఉంటుంది. అత్యవసర వేళ రోగిని పెద్దాసుపత్రికి చేర్చేది కూడా చాలాసార్లు ఇలాంటి బండే. గ్యారేజీ దొరకని చోట అల్యూమినియం సిలిండర్ హెడ్ వేడికి వంకర తిరిగితే ప్రయాణం అక్కడితో ఆగిపోతుంది. అందుకే విడిభాగం కొనేముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: బండి ఏ పరిస్థితిలో వేడెక్కుతోంది?

గాలి రెండింతలు, వేడి నాలుగింతలు

ఇంజన్‌లో మండిన ఇంధనపు శక్తిలో సుమారు మూడో వంతు మాత్రమే బండిని కదిలిస్తుంది. ఇంకో మూడో వంతు పొగతోపాటు బయటికి పోతుంది. మిగిలినదానిలో ఎక్కువ భాగాన్ని కూలెంట్ మోసుకెళ్లి రేడియేటర్‌లో గాలికి అప్పగించాలి.

పెట్టెలా నిటారుగా ఉండే, రెండు టన్నుల జీపును లెక్కకు తీసుకుందాం. చదును రోడ్డు మీద గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్లడానికి చక్రాల దగ్గర సుమారు 6 కిలోవాట్ల శక్తి చాలు. వేగం 100 కిలోమీటర్లకు చేరితే దాదాపు 26 కిలోవాట్లు కావాలి. గాలిని చీల్చుకుని పోవడానికి అవసరమైన శక్తి వేగం ఘనంతో పెరగడమే దీనికి కారణం. వేగం రెట్టింపైతే ఆ శక్తి ఎనిమిది రెట్లవుతుంది. టైర్ల రాపిడికి పోయే శక్తి మాత్రం రెట్టింపే అవుతుంది. రెండూ కలిపితే నాలుగింతలు.

ఆ 100 కిలోమీటర్ల వేగంలో రేడియేటర్ వదిలించుకోవాల్సిన వేడి సుమారు 25 కిలోవాట్లు. అంటే ఇళ్లలో వాడే రెండు కిలోవాట్ల గీజర్లు పన్నెండు ఒకేసారి పనిచేసినంత. రేడియేటర్‌కు తగిలే గాలి పెరిగేది సుమారు రెండింతలే. కొత్త రేడియేటర్‌కు ఇంతకు మించిన సామర్థ్యం ఉంటుంది కాబట్టి ఇబ్బంది రాదు. పాతబడి, సగం పూడుకుపోయిన రేడియేటర్ నెమ్మదిగా వెళ్తున్నప్పుడు నెట్టుకొస్తుంది, హైవే మీద చేతులెత్తేస్తుంది.

ఎండాకాలం దీనికి తోడవుతుంది. కూలెంట్ 90 డిగ్రీలు, బయటి గాలి 25 డిగ్రీలు ఉంటే తేడా 65 డిగ్రీలు. మే నెలలో గాలి 45 డిగ్రీలకు చేరితే తేడా 45కు తగ్గుతుంది. అదే రేడియేటర్ అప్పుడు సుమారు 30 శాతం తక్కువ వేడిని వదులుతుంది. చలికాలంలో బయటపడని లోపం ఎండాకాలంలో బయటపడేది ఇందుకే.

ఫ్యాన్ మీద అనుమానం ఎప్పుడు?

ట్రాఫిక్‌లో ఆగినప్పుడో, కేశ్‌కాల్ ఘాట్‌లో లారీల వెనుక నెమ్మదిగా ఎక్కుతున్నప్పుడో ముల్లు పెరిగి, వేగం అందుకోగానే తగ్గితే ముందుగా ఫ్యాన్‌ను అనుమానించాలి. వేగంగా వెళ్తున్నప్పుడు ఎదురుగాలే ఫ్యాన్ పని చేస్తుంది. కాబట్టి హైవే మీద మాత్రమే వేడెక్కే బండిలో ఫ్యాన్ దోషి అయ్యే అవకాశం తక్కువ.

చిన్న పరీక్షతో దీన్ని తేల్చుకోవచ్చు. ముల్లు పెరగడం మొదలవగానే ఏసీ ఆపి వేగాన్ని 50కి తగ్గించాలి. ముల్లు దిగివస్తే రేడియేటర్ సామర్థ్యమో, కూలెంట్ ప్రవాహమో సరిపోవడం లేదని అర్థం. వేగం తగ్గాక ఇంకా పెరిగితే ఫ్యాన్ వైపు చూడాలి.

రెండు గొట్టాల సాక్ష్యం

రేడియేటర్‌లోకి వేడి కూలెంట్ తెచ్చేది పై గొట్టం. చల్లబడినదాన్ని తిరిగి ఇంజన్‌కు పంపేది కింది గొట్టం. తీగ కొనకు సెన్సార్ ఉండే డిజిటల్ థర్మామీటర్లు రెండు తీసుకుని, ఒక్కో గొట్టానికి ఒక్కో సెన్సార్ గట్టిగా కట్టి, తీగలను ఫ్యాన్‌కు, బెల్టుకు దూరంగా క్యాబిన్‌లోకి తేవాలి. ఒకే వేగంతో కొంత దూరం నడిపి, పక్కన కూర్చున్నవారు అంకెలు రాసుకోవాలి.

సెకనుకు ఒక లీటరు కూలెంట్ తిరుగుతూ 25 కిలోవాట్ల వేడిని మోస్తుంటే రెండు గొట్టాల మధ్య తేడా సుమారు 6 డిగ్రీలు ఉంటుంది. ప్రవాహం సగానికి పడిపోతే తేడా 12 డిగ్రీలవుతుంది. దీన్నిబట్టి మూడు రకాల తీర్పులు చెప్పవచ్చు.

తేడా బాగా పెరిగితే కూలెంట్ సరిగా తిరగడం లేదు. థర్మోస్టాట్ సగమే తెరుచుకోవడం, పంపు రెక్కలు అరిగిపోవడం, రేడియేటర్ లోపలి సన్నగొట్టాలు పూడుకుపోవడం ఇందుకు కారణాలు. కింది గొట్టం మెత్తబడినా ఇలాగే జరుగుతుంది. ఇంజన్ వేగం పెరిగినప్పుడు పంపు లాగే బలానికి అది నొక్కుకుపోయి దారి మూసేస్తుంది. బండి ఆపి రేస్ పెంచి, చేయి పెట్టకుండా దూరం నుంచి చూస్తే ఆ గొట్టం చప్పబడటం తెలుస్తుంది.

తేడా మామూలుగానే ఉండి రెండు గొట్టాలూ అతిగా వేడెక్కితే కూలెంట్ తిరుగుతోంది, గాలే ఆ వేడిని తీసుకోవడం లేదు. అప్పుడు రేడియేటర్ బయటి వైపు చూడాలి.

రెండు గొట్టాలూ మామూలు వేడిలోనే ఉండి ముల్లు మాత్రం పైకి పోతే సెన్సార్‌నో, దాని ఎర్త్ తీగనో, గేజ్‌నో పరీక్షించాలి.

అడవి దారి వదిలిన గుర్తులు

బురదలో తిరిగే బండికి గాలి దారి మూసుకుపోవడం మామూలు. ముందు నుంచి చూస్తే కనిపించేది ఏసీ కండెన్సర్ మాత్రమే. దానికీ రేడియేటర్‌కూ మధ్యనున్న సందులో గడ్డిగింజలు, ఎండుటాకులు, ఎర్రదుమ్ము మెత్తలా పేరుకుంటాయి. దాన్ని ఇంజన్ వైపు నుంచి బయటికి, తక్కువ ఒత్తిడి నీటితో కడగాలి. ప్రెషర్ జెట్ కొడితే పలుచటి రేకులు వంగిపోయి ఉన్న దారి కూడా మూసుకుపోతుంది.

గ్రిల్ ముందు బిగించిన అదనపు లైట్లు, వించ్, మందమైన గార్డు కూడా గాలిని అడ్డుకుంటాయి. రాళ్లకు తగిలి ఊడిపోయిన ఇంజన్ కింది రేకును చాలామంది తిరిగి పెట్టించరు. అది లేకపోతే వేగంగా వెళ్తున్నప్పుడు కింది నుంచి గాలి ఇంజన్ గదిలోకి దూరుతుంది. అక్కడ ఒత్తిడి పెరిగి, రేడియేటర్ గుండా వచ్చే గాలి తగ్గుతుంది. పెద్ద పళ్ల టైర్లు, బురద పట్టి పూర్తిగా వదలని బ్రేకులు ఇంజన్ మీద బరువు పెంచుతాయి. కాసేపు నడిపి ఆపాక ఒక చక్రం దగ్గర మాత్రమే సెగ ఎక్కువగా తెలిస్తే ఆ బ్రేకు పట్టేస్తున్నట్టే.

లోపలి వైపు శత్రువు నీళ్లే. బోరు నీళ్లలోని కాల్షియం లవణాలు వేడికి పొరలా పేరుకుంటాయి. ఆ పొర ద్వారా వేడి ప్రసరించడం అల్యూమినియంతో పోలిస్తే చాలా తక్కువ. అందుకే డిస్టిల్డ్ వాటర్‌లో తగిన కూలెంట్ కలిపి పోయాలి. కూలెంట్‌లోని ఇథిలీన్ గ్లైకాల్ విషం కాబట్టి పిల్లలకు, పశువులకు అందకుండా ఉంచాలి.

ఇవేవీ కాకపోతే హెడ్ గ్యాస్కెట్ మిగులుతుంది. అది చిట్లితే బరువు పడినప్పుడల్లా మండిన వాయువు కూలెంట్‌లోకి దూరుతుంది. దీన్ని కనిపెట్టడానికి మెకానిక్‌లు నీలి ద్రవం ఉన్న చిన్న పరికరాన్ని రేడియేటర్ మూతిపై పెడతారు. కార్బన్ డయాక్సైడ్ తగిలితే ఆ ద్రవం ఆకుపచ్చగా, తర్వాత పసుపుగా మారుతుంది.

ముల్లు ఎర్రగీత చేరితే

ఏసీ ఆపి, హీటర్‌ను పూర్తిగా తిప్పి, వేగం తగ్గించి, రోడ్డు పక్కన ఆపాలి. హీటర్ కూడా ఒక చిన్న రేడియేటరే. ఆవిరి వస్తున్నా, కూలెంట్ కారుతున్నా వెంటనే ఇంజన్ ఆపేయాలి. మూత మాత్రం తీయకూడదు. జగదల్‌పూర్ ఎత్తులో నీరు సుమారు 98 డిగ్రీలకే మరుగుతుంది. మూత లోపల ఒత్తిడిని నిలిపి ఉంచడం వల్లే కూలెంట్ 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. మూత తీసిన క్షణంలోనే అది ఆవిరై ముఖం మీదికి చిమ్ముతుంది. వేడి ఇంజన్ మీద చన్నీళ్లు పోస్తే లోహం పగలవచ్చు. పూర్తిగా చల్లారేదాకా ఆగాలి.

మెకానిక్ దగ్గరికి వెళ్లేటప్పుడు "బండి హీటవుతోంది" అని చెప్పి ఊరుకోకూడదు. ఎంత వేగంలో, ఎన్ని నిమిషాలకు, ఏసీ ఉండగానా లేకుండానా, ఎంత బరువుతో, వేగం తగ్గిస్తే ముల్లు దిగిందా లేదా అనే ఐదు వివరాలు కాగితం మీద రాసి ఇవ్వాలి. వాటితో మెకానిక్ వెతకాల్సిన చోట్లు సగానికి తగ్గుతాయి, అవసరం లేని విడిభాగాల ఖర్చూ తప్పుతుంది.