గాల్లో ఇంజిన్ ఆగితే... పక్కకు ఆపేదెక్కడ!

పటాన్‌చెరు షెడ్డులో లేత్ మెషిన్ మొరాయిస్తే స్విచ్ కట్టేస్తారు. ముంబయి హైవే మీద లారీ ఆగితే పక్కకు తీసి మెకానిక్‌కి ఫోన్ కొడతారు. మరి సొంతంగా బిగించుకున్న విమానం రెండువేల అడుగుల ఎత్తులో ఆగిపోతే?

సొంతంగా విమానమేంటి అనుకోకండి. అమెరికాలో వేలమందికి అదో సరదా. కిట్ తెప్పించుకుని గ్యారేజీలో ఏళ్లతరబడి బిగించుకుంటారు. మనదేశంలోనూ కెప్టెన్ అమోల్ యాదవ్ ముంబయిలో ఇంటి డాబామీదే ఆరు సీట్ల విమానం తయారుచేశారు. ఎగరడానికి అనుమతి మాత్రం 2019లోగానీ రాలేదు. రామచంద్రాపురం భెల్‌లో టర్బైన్లు, ఎద్దుమైలారంలో యుద్ధవాహనాలు తయారయ్యే ఈ నేలమీద అలాంటి కలలు కనే కుర్రాళ్లకు కొదవేముంటుంది! పనితనానికీ లోటుండదు. చిక్కంతా చిన్నచిన్న విషయాల దగ్గరే.

ఈ విమానాల ప్రమాదాలపై అమెరికా రవాణా భద్రతా బోర్డు 2012లో అధ్యయనం వెలువరించింది. ఎక్కువగా కనిపించినవి రెండే... ఇంజిన్ శక్తి కోల్పోవడం, విమానం అదుపు తప్పడం. ఇంజిన్ ఆగాలంటే పిస్టనే విరగక్కర్లేదు. పెట్రోలు పైపు సైలెన్సర్‌కి మరీ దగ్గరగా వెళ్తే చాలు, వేడికి లోపల ఆవిరి బుడగలు కట్టి ఇంజిన్‌కి చుక్క అందదు. గాల్లో తేమ ఎక్కువుంటే కార్బురేటర్‌లో మంచు పేరుకుంటుంది, బయట ఇరవై డిగ్రీలున్నా సరే! ఇక అదురుకి వదులయ్యే నట్ల సంగతి ఇక్కడి ఫిట్టర్లకు వేరే చెప్పాలా? అందుకే విమానాల్లో చాలాచోట్ల బోల్టు తలకి బెజ్జం పెట్టి తీగతో కట్టేస్తారు.

ప్రఖ్యాత గాయకుడు జాన్ డెన్వర్ ప్రాణం తీసింది ఓ చిన్న మీట. ఆయన అప్పుడే కొన్న లాంగ్-ఈజీ విమానాన్ని మరో ఔత్సాహికుడు తయారుచేశాడు. డిజైన్ ప్రకారం ఇంధనం ట్యాంకు మార్చే మీట పైలట్ కాళ్ల మధ్య ఉండాలి. తయారుచేసిన వ్యక్తి దాన్ని ఎడమ భుజం వెనక పెట్టాడు. పైగా తిప్పడం కష్టం. బయల్దేరేముందు గ్రిప్ ప్లయర్ తగిలించి చూసినా చేయి అందలేదు. పెట్రోలు నింపమంటారా అంటే, గంటసేపేగా, వద్దన్నారు డెన్వర్. 1997 అక్టోబరు 12న కాలిఫోర్నియాలోని మాంటెరే తీరంలో విమానం సముద్రంలో కూలింది. మీట కోసం వెనక్కి తిరిగినప్పుడు తెలియకుండానే కాలు కుడి రడ్డర్ పెడల్‌ని నొక్కిందని దర్యాప్తు తేల్చింది.

టేకాఫ్ కాగానే ఇంజిన్ ఆగితే ఎవరికైనా వెనక్కి, రన్‌వే వైపు తిరగాలనిపిస్తుంది. తక్కువ ఎత్తులో అదే కొంప ముంచుతుంది. మలుపులో వేగం పడిపోయి విమానం రాయిలా రాలుతుంది. ముక్కు దించి, ఎదురుగా కనిపించిన పొలంలోనే దిగాలి. అమెరికాలో కొత్త విమానాన్ని సాధారణంగా తొలి 25 నుంచి 40 గంటలు ప్రయాణికుల్లేకుండా, జనావాసాలకు దూరంగానే నడపనిస్తారు. పాశమైలారం నుంచి సంగారెడ్డి దాకా చూడండి... ఫ్యాక్టరీలు, హైటెన్షన్ తీగలు, వెంచర్లు. ఆ ఖాళీ ఇక్కడెక్కడుంది?