పేరు పిల్లాడిది కాదు, నాదే!

"పిల్లాడి పేరు చెప్పండమ్మా" అన్నాడు బల్ల దగ్గర కూర్చున్న కుర్రాడు, తల ఎత్తకుండానే.

"పిల్లాడిది కాదు బాబూ, నా పేరు రాసుకో. ఆడేది నేనే" అన్నాను.

అప్పుడు ఎత్తాడు తల. నా వెనక వరసలో ఉన్న తల్లులు కూడా ఒకసారి ఎగాదిగా చూశారు. చేతిలో కూరల సంచీతో (దారిలో లేత దొండకాయలు కనిపిస్తే వదిలేసి వస్తామా మరి!) చదరంగం ఆడటానికి వచ్చిన మనిషిలా కనిపించి ఉండను.

ఇది విజయవాడలో ఒక ఆదివారం జరిగిన చిన్న పోటీ సంగతి. మొదటి ఆటలో నా ఎదురుగా తొమ్మిదేళ్ళ పాప. కుర్చీలో కూర్చుంటే కాళ్ళు నేలకి అందడం లేదు. అరగంటలో నా ఆట కట్టేసి, బుద్ధిగా చేయి కలిపి, బయటికొచ్చాక "మీ ఏనుగుని ఊరికే వదిలేశారు ఆంటీ, చూసుకోలేదా?" అని జాలిగా అడిగింది.

చూసుకోలేదు. నా కథంతా ఆ చూసుకోకపోవడంలోనే ఉంది.

"వంటా వార్పూ, పిల్లల చదువూ, వీలైతే ఓ కథ రాసుకోవడమూ చాలవన్నట్టు, ముప్ఫై ఎనిమిదో ఏట ఈ చదరంగం ఏమిటమ్మాయ్?" అని మా అత్తయ్య అడగనే అడిగారు. ఆవిడకి చెప్పని జవాబు మీకు చెబుతాను.

మా నాన్న మంచి ఆటగాడు. తెనాలి దగ్గర మా ఊళ్ళో, సాయంత్రమయ్యేసరికి మా ఇంటి అరుగు మీద గళ్ళ గుడ్డ పరిచేవారు. అన్నయ్యకి ఏడేళ్ళు రాగానే పక్కన కూర్చోబెట్టుకుని నేర్పారు. నేను మజ్జిగ గ్లాసులు అందిస్తూ, గుమ్మం పట్టుకుని చూసేదాన్ని. ఓసారి "అన్నయ్యా, నీ శకటు పోతోంది" అని నోరు జారితే, "నీకెందుకే, లోపలికి పో" అన్నారు నాన్న. కోపంగా కాదు, మామూలుగానే. అలా మామూలుగా అనడం వల్లే కాబోలు, ఇన్నేళ్ళూ గుర్తుండిపోయింది. అన్నయ్య పదో తరగతికి వచ్చేసరికి ఆట మానేశాడు. నాకు మాత్రం ఆ గళ్ళు కళ్ళల్లోనే ఉండిపోయాయి.

మొన్నామధ్య మా అబ్బాయిని చదరంగం క్లాసులో చేర్పించాం. మూడు నెలలు తిరక్కుండానే వాడు క్రికెట్ అంటూ పారిపోయాడు. కట్టిన ఫీజు మిగిలిపోయింది. "పోనీ, వాడి బదులు నేను రానా?" అని నవ్వులాటకి అడిగితే కోచ్ అమ్మాయి నవ్వలేదు. "రాత్రి ఎనిమిదింటికి పెద్దవాళ్ళ బ్యాచ్ ఉంది ఆంటీ, రండి" అంది.

అక్కడ ఐదుగురం తేలాం. బ్యాంకు ఉద్యోగి, రాత్రి డ్యూటీలు చేసే నర్సు, మందుల షాపాయన, కాలేజీ లెక్చరర్, నేను. మొదటిరోజు పరిచయాల్లో నా వంతు వచ్చేసరికి, "ఈవిడకేం, ఇంట్లో ఖాళీయేగా. మనకంటే ముందే నేర్చేసుకుంటారు" అన్నాడు మందుల షాపాయన. ఖాళీ అట! ఆయన షాపుకి ఆదివారం మధ్యాహ్నమైనా షట్టరు పడుతుంది. వంటింటికి షట్టరు ఉందా చెప్పండి?

"రోజుకి నిజంగా ఎంతసేపు దొరుకుతుంది?" అని అందరినీ అడిగింది కోచ్. నర్సు ఇరవై నిమిషాలంది. నేను గొప్పకి గంటన్నాను. వారం తిరిగేసరికి నేనూ ఇరవై నిమిషాలకే దిగాను. "చాలు ఆంటీ. కానీ ఆ ఇరవై నిమిషాలూ ఆడకండి" అంది.

ఆడకుండా ఆట ఎలా వస్తుందని మీరూ అనుకుంటున్నారు కదూ?

జంతికలతో కడుపు నిండదు

మా అందరి ఫోన్లలోనూ మూడు నిమిషాల ఆటలున్నాయి. బస్సులో ఒకటి, పాలు కాగేలోపు ఒకటి. అవి జంతికల్లాంటివి. ఒకటి తింటే ఇంకోటి, కడుపు నిండదు, అన్నం సహించదు. మూడు నిమిషాల్లో ఆలోచించే వ్యవధి ఉండదు కాబట్టి, చేతికి అలవాటైన పాత తప్పే మళ్ళీ మళ్ళీ చేస్తాం. వంద ఆటలాడితే ఆ తప్పు వందసార్లు సాధన చేసినట్టే! వారానికి ఒక్కటే ఆట ఆడండి, ఇద్దరికీ చెరో అరగంటకి తగ్గకుండా గడియారం పెట్టుకోండి, ప్రతి ఎత్తూ కాగితం మీద రాయండి అంది. ఓడిపోతే మిగతా వారమంతా ఆ కాగితం చూడటమే పని.

రాయడం నాకు వచ్చిన విద్యే కదా. రెండు వందల పేజీల నోటుపుస్తకం కొని, అట్ట మీద "ఓటముల పుస్తకం" అని రాసుకున్నాను. మావారు పద్దుల పుస్తకమనుకుని తెరిచి చూసి, మాట్లాడకుండా మూసేశారు. ఎక్కడ ఓడాను, ఆ ఎత్తు వేసేముందు ఏమనుకున్నాను, ఎదుటివాళ్ళు ఏం చేయబోతున్నారు - ఇవే రాసేదాన్ని. కంప్యూటరుని అడిగితే తప్పు ఏదో క్షణంలో చెప్పేస్తుంది. కానీ ఎందుకు చేశానో దానికేం తెలుసు? అందుకే ముందు సొంతంగా వెతికి, ఆఖర్నే కంప్యూటరు చూడాలని షరతు.

పద్నాలుగు ఓటములు రాశాక వెనక్కి తిప్పి చూసుకున్నాను. తొమ్మిదింటిలో ఒకటే జబ్బు. నేనేదో గొప్ప పథకం వేసుకుని, అందులో మునిగిపోయి, అవతలివాళ్ళు అప్పుడే వేసిన ఎత్తు ఎందుకు వేశారో అడగనే లేదు! కథలు రాసేదాన్ని, ప్రతి పాత్ర మనసూ నాకు తెలుసనుకునేదాన్ని. బల్లకి అవతల కూర్చున్న మనిషినే మర్చిపోతున్నానన్నమాట.

దీనికి కోచ్ చెప్పిన మందు చాలా చిన్నది. అవతలివాళ్ళు ఎత్తు వేయగానే చేతులు ఒళ్ళో పెట్టుకుని మూడు ప్రశ్నలు వేసుకోవాలి. నాకు షా ఉందా? నాది ఏదైనా చంపుతారా? వచ్చే ఎత్తుకి ఏదైనా బెదిరింపు ఉందా? ఆ తర్వాతే మన పథకం. ఇది తెలియనిదేం కాదు, గ్యాసు కట్టేశామా అని చూసుకోవడం లాంటిదే. అలవాటు కావడానికే నాకు నాలుగు నెలలు పట్టింది.

బ్యాంకు ఉద్యోగిది ఇంకో రకం. ఆయన సిసిలియన్ డిఫెన్స్ అనే ఆరంభాన్ని ఇరవై ఎత్తుల దాకా బట్టీ పట్టుకొచ్చాడు. నర్సు నాలుగో ఎత్తులోనే పుస్తకంలో లేనిది వేసేసరికి ఆయన ముఖం చూడాలి! మనలాంటివాళ్ళ ఆటలు ఆరంభంలో పోవు, మధ్యలో ఏదో ఊరికే పోగొట్టుకోవడం వల్ల పోతాయి. కాబట్టి ఆరంభాలకి బదులు చిక్కుముళ్ళు విప్పడం మేలు.

అందుకు స్వీడన్ గ్రాండ్ మాస్టర్లు ఆక్సెల్ స్మిత్, హాన్స్ టిక్కానెన్ 2018లో ఓ పుస్తకమే రాశారు. దాని పేరు వడ్రంగిపిట్ట పద్ధతి. రోజూ కొత్త చిక్కుముళ్ళ వెంట పడకుండా, ఒకే కట్టని తీసుకుని మళ్ళీ మళ్ళీ, ప్రతిసారీ ఇంకా తక్కువ కాలంలో విప్పుకుంటూ పోవడం. వడ్రంగిపిట్ట ఒకేచోట పొడిచినట్టు. నేను వంద చిక్కుముళ్ళు పెట్టుకున్నాను. మొదటి విడత నెలంతా పట్టింది. నాలుగో విడత రెండు మధ్యాహ్నాల్లో అయిపోయింది. చిన్నప్పుడు ఎక్కాలు ఎందుకు వల్లెవేయించారో ఇప్పుడు తెలిసింది.

ఇక ఆట చివర్న రెండు రాజులూ ఒక బంటూ మిగిలినప్పటి పట్టు నాకు భలే నచ్చింది. రాజులిద్దరూ మధ్య ఒక్క గడి ఎడంతో ఎదురెదురుగా నిలబడితే, ఎత్తు వేయాల్సిన వంతు ఎవరిదో వాళ్ళే దారివ్వాలి. ఊరికే నిలబడ్డవాళ్ళదే పైచేయి. మా వంటింట్లో అత్తయ్యా నేనూ ఎదురుపడినప్పుడు ఇన్నేళ్ళుగా జరుగుతున్నది ఇదే. దానికి ఇంగ్లీషులో అపోజిషన్ అనే పేరుందని మాత్రం తెలియదు!

వీళ్ళకి తీరికుందా?

"పెద్దయ్యాక రాదు" అనే మాట తరచూ వింటాం. పూర్తిగా అబద్ధమని నేననను. అంతర్జాతీయ పేరున్నవాళ్ళలో చాలామంది చిన్ననాడే మొదలుపెట్టినవాళ్ళు. కానీ తీరిక లేదన్నది వేరే మాట. 1935లో అలెఖిన్ ని ఓడించి ప్రపంచ విజేత అయిన మాక్స్ యూవే, ఆమ్ స్టర్ డామ్ లో ఆడపిల్లల బడిలో లెక్కల మాస్టారు. 1948లో ఆ కిరీటం పెట్టుకున్న బొత్వినిక్ విద్యుత్ ఇంజనీరు. ఎవరి ఆటలు వాళ్ళే విప్పి చూసుకోవాలని పట్టుబట్టి చెప్పిన మనిషి ఆయన.

అంత దూరం ఎందుకు? మన గుడివాడ అమ్మాయి కోనేరు హంపి 2017లో పాపకి తల్లయింది. దాదాపు రెండేళ్ళు ఆటకి దూరంగా ఉంది. 2019 డిసెంబరులో మాస్కోలో ప్రపంచ ర్యాపిడ్ విజేత అయింది. 2024లో న్యూయార్క్ లో మళ్ళీ గెలిచింది. గుంటూరు అమ్మాయి ద్రోణవల్లి హారిక 2022 చెన్నై ఒలింపియాడ్ లో నిండు గర్భిణిగా ఆడింది. మన మహిళల జట్టుకి కాంస్యం వచ్చింది.

అలాంటివి చదివి ఉత్సాహపడి పోటీలకి వెళితే మాత్రం ఒక సంగతి తెలిసి వెళ్ళండి. రేటింగు లెక్కలో పెద్దవాళ్ళ బండి నెమ్మదిగా నడుస్తుంది. క్లాసికల్ ఆటల్లో తమతో సమానమైన ఆటగాణ్ణి ఓడిస్తే, పద్దెనిమిదేళ్ళలోపు పిల్లలకి 20 పాయింట్లు వస్తాయి. మొదటి 30 ఆటలు దాటిన మనకి 10 వస్తాయి. పైగా పిల్లల ఆట నెలనెలా పెరిగిపోతుంటుంది, రేటింగు దాన్ని అందుకోలేదు. కాబట్టి కాళ్ళు నేలకి అందని పాప చేతిలో ఓడితే సిగ్గుపడే పనేం లేదు. (సిగ్గుపడ్డాననుకోండి, అది వేరే.)

రాజు దూకాడు

సంక్రాంతికి పుట్టింటికి వెళ్ళినప్పుడు, నాన్న పక్కన కూర్చుని "ఒక ఆట వేద్దామా?" అన్నాను. ఆయనకిప్పుడు డెబ్బై నాలుగు. అరుగు మీద ఆయనతో ఆడినవాళ్ళెవరూ లేరు, అరుగూ లేదు.

"నీకెప్పుడొచ్చే?" అన్నారు.

"నువ్వు అన్నయ్యకి నేర్పినప్పుడే."

ఏమీ అనలేదు. లేచి వెళ్ళి, ట్రంకుపెట్టెలోంచి గళ్ళ గుడ్డ తెచ్చి పరిచారు. కాయలు సర్దుతుంటే చేయి కొద్దిగా వణికింది. నేను "రాణి" అంటే "మంత్రి అనవే" అని సరిదిద్దారు.

గంటసేపు ఆడాం. మూడు ప్రశ్నలూ ప్రతిసారీ వేసుకున్నాను. ఇంకో రెండు ఎత్తుల్లో కట్టు అని నేను లోలోపల సంబరపడుతుంటే, ఆయన రాజు గుర్రంలా ఎగిరి అవతల గడిలోకి దూకాడు!

"అదేంటి నాన్నా, రాజు అలా దూకడు!"

"ఒక్క షా కూడా తగలని రాజుకి ఒక్కసారి గుర్రం ఎత్తు ఉంటుంది. అరుగు మీద చూశానంటివిగా?"

నిజమే, మన పాత ఆటలో అది ఉండేది. ఈనాటి పోటీల ఆటలో లేదు. పది నిమిషాలు వాదించుకున్నాం. అమ్మ అరిసెల పళ్ళెం తెచ్చి, "తండ్రీ కూతుళ్ళు పోట్లాడుకోడానికి పండగే దొరికిందా?" అంది. చివరికి నేనే ఒప్పుకున్నాను, అది ఆయన గుడ్డ మరి! ఆట తేలకముందే బస్సు వేళయింది. కాయలు ఎక్కడెక్కడున్నాయో కిరాణా చీటీ వెనక రాసుకున్నాను. నాన్న గుడ్డ మీద గంప బోర్లించి, ఎవరూ ముట్టుకోవద్దని పనమ్మాయికి గట్టిగా చెప్పారు.

అప్పట్నుంచీ రోజుకి ఒక ఎత్తు, ఫోన్లో. నిన్న రాత్రి తొమ్మిదింటికి చేశారు.

"గుర్రాన్ని ముందుకి తెచ్చాను. చూసుకో" అని పెట్టేశారు.

చూసుకుంటున్నాను. షా లేదు. చంపేదీ ఏం కనిపించడం లేదు. మరి ఆ గుర్రం అక్కడికి ఎందుకొచ్చినట్టు? కుక్కరు మూడో కూత కూడా వేసేసింది.