ల్యాప్‌టాప్‌లో నడిచిన సైట్ సర్వర్‌లో ఎందుకు నడవలేదు?

ఇవాళ వర్చువల్ మెషిన్ సెటప్ చేద్దాం. ముందు నా పరువు పోయిన కథ ఒకటి వినండి.

కొన్నేళ్ల కిందట మా వీధిలో బట్టల షాపు బాబాయ్‌కి ఒక వెబ్‌సైట్ చేసిపెట్టాను. నా విండోస్ ల్యాప్‌టాప్‌లో బ్రహ్మాండంగా నడిచింది. హోస్టింగ్‌లో ఎక్కించి ఆయన ఫోన్‌లో ఓపెన్ చేస్తే ఒక్క ఫొటో కూడా రాలేదు. "ఏరా, చీరలేవి?" అన్నాడు. రాత్రంతా కోడ్ చూశాను. తెల్లారుజామున దొరికింది: ఇమేజెస్ ఫోల్డర్ పేరులో ఐ క్యాపిటల్, కోడ్‌లో నేను రాసింది స్మాల్. విండోస్‌కి ఆ రెండూ ఒకటే. లినక్స్ సర్వర్‌కి మాత్రం వేర్వేరు పేర్లు.

అంటే సర్వర్ ఎలా ఉంటుందో అలాంటిదే ఇంట్లో ఉంటే ఈ తప్పు ఇంట్లోనే దొరికేది. వర్చువల్ మెషిన్ చేసే పని అదే. మన ల్యాప్‌టాప్‌లోనే ఇంకో కంప్యూటర్ ఉన్నట్టు అన్నమాట.

విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ దగ్గర వర్చువలైజేషన్ ఎనేబుల్డ్ అని ఉందో లేదో చూడండి. లేకపోతే బయోస్‌లోకి వెళ్లి ఆన్ చేయాలి. ఏఎండీ ల్యాప్‌టాప్‌లలో దాని పేరు చాలాసార్లు ఎస్‌వీఎం మోడ్ అని ఉంటుంది. తర్వాత వర్చువల్‌బాక్స్ వేసుకుని, అందులో ఉబుంటు సర్వర్ ఇన్‌స్టాల్ చేయండి. మీకు 8 జీబీ ర్యామ్ ఉంటే దీనికి 2 జీబీ చాలు. డిస్క్ 25 జీబీ ఇచ్చినా భయం లేదు, డైనమిక్‌గా పెడితే వాడుకున్నంతే పెరుగుతుంది. ఇన్‌స్టాల్ మధ్యలో ఓపెన్ ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ కావాలా అని అడుగుతుంది, టిక్ పెట్టండి. అయిపోయాక లాగిన్ అయి అపాచీ వేసుకోండి.

చాలామంది ఆగిపోయేది ఇక్కడే. మెషిన్ ఐపీ 10.0.2.15 అని చూపిస్తుంది, బ్రౌజర్‌లో కొడితే ఏమీ రాదు. కారణం న్యాట్. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ అనుకోండి: లోపలివాళ్లు బయటికి వెళ్లొచ్చు, బయటివాళ్లు మాత్రం ఏ ఫ్లాట్‌కో ముందే చెప్పి ఉంటేనే లోపలికి. ఆ చెప్పడమే పోర్ట్ ఫార్వర్డింగ్. నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో హోస్ట్ పోర్ట్ 8080, గెస్ట్ పోర్ట్ 80 అని ఒక రూల్ రాయండి. 2222 నుంచి 22కి ఇంకొకటి, అది ఎస్‌ఎస్‌హెచ్ కోసం. ఇప్పుడు బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్ పక్కన కోలన్ పెట్టి 8080 కొడితే అపాచీ పేజీ వస్తుంది.

హోస్ట్ ఐపీ గడి ఖాళీగా వదిలేస్తే, అదే వైఫైలో ఉన్న మీ ఫోన్‌లో ల్యాప్‌టాప్ ఐపీ, 8080 కొట్టి కూడా సైట్ చూడొచ్చు. విండోస్ ఫైర్‌వాల్ అడిగితే ప్రైవేట్ నెట్‌వర్క్‌కి మాత్రమే ఒప్పుకోండి. హాస్టల్ వైఫైలో మాత్రం ఇలా చేయకండి, పక్క రూమ్‌వాళ్లు కూడా చూస్తారు.

ఇక కోడ్ ఎక్కడ పెట్టాలి? విండోస్ ఫోల్డర్‌ని షేర్డ్ ఫోల్డర్‌గా ఇచ్చేయమని చాలా వీడియోల్లో చెప్తారు. నాకు నచ్చదు. ఫైళ్లు అప్పటికీ విండోస్ డిస్క్ మీదే ఉంటాయి కదా, క్యాపిటల్, స్మాల్ తేడా మళ్లీ పట్టుకోదు. ఇంత కష్టపడి బాబాయ్ చీరల దగ్గరికే వచ్చాం! పైగా అపాచీలో సెండ్‌ఫైల్ ఆన్‌లో ఉంటే, సీఎస్ఎస్ మార్చినా పాతదే కనిపించే తలనొప్పి ఒకటి ఉంది. అందుకే నేను కోడ్‌ని మెషిన్ లోపలే పెట్టి, వీఎస్ కోడ్‌లో రిమోట్ ఎస్‌ఎస్‌హెచ్‌తో ఎడిట్ చేస్తాను.

అంతా నడిచాక ఒక స్నాప్‌షాట్ తీసుకోండి. ఏదైనా చెడిపోతే నిమిషంలో వెనక్కి రావొచ్చు. కాకపోతే కోడ్ లోపలే ఉంది కాబట్టి, రీస్టోర్ కొడితే స్నాప్‌షాట్ తర్వాత రాసిన కోడ్ కూడా పోతుంది. నాకు రెండు రోజుల పని అలాగే పోయింది. ముందు గిట్‌లోకి పుష్ చేయండి, తర్వాతే రీస్టోర్.