మడమ నొప్పియు, ఎముక ముల్లును

తెల్లవాఱి మంచము దిగి కాలు మోపినంతనే మడమలో మేకు గ్రుచ్చినట్లు నొప్పి కలుగుట, నాలుగడుగులు నడిచిన పిదప కొంత తగ్గుట, సాయంకాలము పొలమునుండి మరలునప్పటికి మఱల హెచ్చుట, ఈ బాధ నలువది యేండ్లు దాటిన స్త్రీ పురుషులలో తఱచుగా కానవచ్చుచున్నది. ఎక్స్‌రే తీయింపగా కొందఱికి మడమ యెముక క్రింద ముల్లువంటి మొలక కనబడును. దానిని చూచి బెదరి, కోయించుకొనుటకై అప్పు చేయబూనువారి నిమిత్తము ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మడమ యెముకనుండి కాలివ్రేళ్ల మొదళ్లవఱకు అరికాలి యడుగున గట్టి పట్టీ యొకటి కలదు. వింటికి నారివలె అది పాదపు వంపును నిలిపియుంచును. గట్టినేలపై చాలసేపు నిలుచుట, బరువులు మోయుట, దేహము స్థూలించుట, పిక్కలు బిగిసియుండుట, వీనిచే ఆ పట్టీ మడమ నంటియున్నచోట దెబ్బతినును. రాత్రి ముడుచుకొనిన పట్టీ తొలియడుగుతో ఒక్కసారిగా సాగుటచేతనే ఉదయపు పోటు. ముల్లు కలిగియు నొప్పి యెఱుగనివారు పెక్కురు. ముల్లు లేకయే బాధపడువారును కలరు. కావున చికిత్స వలసినది పట్టీకి.

ఇందులకు వ్యయము లేని సాధనము కలదు. మంచము దిగకమున్నే కూర్చుండి, నొప్పికాలిని రెండవ తొడపై నుంచుకొని, వ్రేళ్లను చేతితో ముంగాలివైపునకు వంచి, 10 లెక్కించువఱకు పట్టి విడువవలెను. ఇట్లు 10 మాఱులు, దినమునకు 3 పర్యాయములు చేయవలెను. గోడకు చేతులానించి, ఆ కాలిని వెనుకకు చాపి, మడమ నేలనుండి లేవకుండ ముందునకు వంగినచో పిక్కయు సాగును. సిమెంటు కళ్లముపైనను, ఇంటి బండలపైనను వట్టికాళ్లతో తిరుగరాదు. అరిగిన చెప్పులు మాని, మడమక్రింద మెత్తగల చెప్పులు తొడుగవలెను. సాయంకాలము మంచుగడ్డను గుడ్డలో చుట్టి 15 నిమిషము లుంచినచో నొప్పి శమించును.

కాల్చిన యిటుకపై జిల్లేడాకు పఱచి మడమ నదుము వాడుక మనలో కలదు. చక్కెరవ్యాధి గలవారికి పాదములలో స్పర్శ తగ్గియుండవచ్చును, కాలినను తెలియదు. చిన్న బొబ్బయే పుండై పాదమునకు ముప్పు తెచ్చును. వారు ఇటుకనుగాని, మంచునుగాని వాడరాదు. స్టిరాయిడు సూదిమందు కొన్నాళ్లు ఉపశమన మిచ్చును గాని, పలుమాఱులు వేయించినచో పట్టీ తెగుటకును, మడమక్రింది క్రొవ్వు పలుచబడుటకును అవకాశము కలదు.

జ్వరము, వాపు, ఎఱ్ఱదనము, తిమ్మిరి, విశ్రాంతిలోను వదలని నొప్పి, లేక చెట్టునుండి పడిన పిదప కాలు మోపలేకుండుట, వీనిలో ఏది యున్నను ఆలస్యము చేయక వైద్యునికి చూపవలెను.

ఈ బాధ వారములలోకంటె నెలలలో తగ్గునది. నూటికి ఇంచుమించు 90 మందికి కోత లేకయే సంవత్సరము లోపల నయమగుచున్నది. సభ్యులు ఋణపత్రము వ్రాయుటకు ముందు ఆఱునెలలు ఈ సాధన శ్రద్ధతో చేసి చూడవలెనని కోరుచున్నాము.