ఇండోర్ ప్లాంట్స్: రోజూ నీళ్లు పోస్తున్నా మొక్క ఎందుకు వాడిపోతోంది? కొనే ముందు, కొన్నాక తెలుసుకోవాల్సినవి ఇవే..

నర్సరీలో చూసినప్పుడు నిగనిగలాడుతూ ఉంటుంది. ఇంటికి తెచ్చి టీవీ పక్కన పెడితే హాలుకే కొత్త కళ వస్తుంది. మూడు నాలుగు వారాలు గడిచాయో లేదో కింది ఆకులు పసుపు రంగులోకి తిరుగుతాయి. నీళ్లు సరిపోవట్లేదేమో అని ఇంకో గ్లాసు పోస్తాం. అంతే.. కొద్ది రోజుల్లోనే మొదలు మెత్తబడి మొక్క ఒరిగిపోతుంది.

చాలా ఇళ్లలో జరిగేది ఇదే. ఇంట్లో పెంచే మొక్కలు నీళ్లు లేక పోయేదానికన్నా, నీళ్లు ఎక్కువై పోయేదే ఎక్కువ. దానికి వెలుతురు తక్కువ కావడం కూడా తోడైతే ఇక కోలుకోవడం కష్టం. మరి ఏ మొక్క ఎక్కడ పెట్టాలి? నీళ్లు ఎప్పుడు పోయాలి? పిల్లలు, పెంపుడు జంతువులు ఉన్న ఇంట్లో ఏవి వద్దు? ఒక్కొక్కటిగా చూద్దాం.

ఇవి ఎక్కడి మొక్కలు?

మనం ఇండోర్ ప్లాంట్స్ అని కొనేవాటిలో ఎక్కువ భాగం వేడి, తేమ ఉండే ఉష్ణమండల అడవుల నుంచి వచ్చినవే. మన ఇంటి మొక్కలా కలిసిపోయిన మనీ ప్లాంట్ అసలు పుట్టిల్లు పసిఫిక్ మహాసముద్రంలోని ఫ్రెంచ్ పాలినేషియా దీవులు. అరెకా పామ్‌ది మడగాస్కర్. మాన్‌స్టెరాది దక్షిణ మెక్సికో నుంచి పనామా వరకు ఉన్న అడవులు. స్నేక్ ప్లాంట్ పశ్చిమ ఆఫ్రికా నుంచి, జెడ్‌జెడ్ ప్లాంట్ తూర్పు ఆఫ్రికా నుంచి వచ్చాయి.

మనీ ప్లాంట్, మాన్‌స్టెరా, పీస్ లిల్లీ లాంటివి పెద్ద చెట్ల నీడలో పెరుగుతాయి. నేరుగా ఎండ తగలదు, ఆకుల సందుల్లోంచి జల్లెడ పట్టినట్టు వెలుతురు పడుతుంది. వాన ఎక్కువే, కానీ నీరు నిలవదు. రాలిన ఆకులు కుళ్లి గుల్లగా మారిన నేలలో వేళ్లకు గాలి బాగా ఆడుతుంది. అందుకే వీటికి కావాల్సింది వడపోసిన వెలుతురు, గుల్లగా ఉండే మట్టి.

స్నేక్ ప్లాంట్, జెడ్‌జెడ్ ప్లాంట్ల సంగతి వేరు. నెలల తరబడి వాన లేని కాలాన్ని తట్టుకునే మొక్కలివి. స్నేక్ ప్లాంట్ దళసరి ఆకుల్లో, జెడ్‌జెడ్ మట్టి కింద ఉండే దుంపల్లో నీళ్లు దాచుకుంటాయి. అలాంటి మొక్కకు రోజూ నీళ్లు పోస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

ముందు కిటికీ చూడండి.. తర్వాతే మొక్క

మొక్క నచ్చిందని కొనేసి, తర్వాత ఎక్కడ పెట్టాలా అని చూస్తుంటాం. చేయాల్సింది దీనికి రివర్స్‌లో. ట్యూబ్‌లైట్ వెలుగులో గది మన కంటికి బాగానే కనిపిస్తుంది. మొక్కకు మాత్రం ఆ వెలుతురు చాలదు. కిటికీ నుంచి రెండు మూడు అడుగులు లోపలికి జరిగితేనే వెలుతురు బాగా పడిపోతుంది.

ఒక చిన్న టెస్ట్ ఉంది. ఉదయం 11 గంటల సమయంలో లైట్లు ఆపేసి, మొక్క పెట్టాలనుకున్న చోట తెల్ల కాగితం ఉంచండి. దానికి ఒక అడుగు పైన చెయ్యి పెట్టి నీడ చూడండి.

* నీడ అంచులు స్పష్టంగా పడితే వెలుతురు బాగా ఉన్నట్టు. అరెకా పామ్, మాన్‌స్టెరా, ఆంథూరియం ఇక్కడ పెట్టొచ్చు. నేరుగా ఎండ పడుతుంటే మధ్యలో పలుచని కర్టెన్ ఉండాలి.
* నీడ మసకగా పడితే మధ్యస్థంగా ఉన్నట్టు. మనీ ప్లాంట్, పీస్ లిల్లీ, అగ్లోనిమా, స్పైడర్ ప్లాంట్ సరిపోతాయి.
* నీడ పడీపడనట్టు ఉంటే వెలుతురు తక్కువే. స్నేక్ ప్లాంట్, జెడ్‌జెడ్ తట్టుకుంటాయి. తట్టుకుంటాయి అంతే, గబగబా పెరగవు.

తూర్పు కిటికీ అన్నిటికన్నా మేలు. ఉదయపు ఎండ మెత్తగా ఉంటుంది. పడమటి కిటికీతోనే జాగ్రత్త. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర సాయంత్రం నాలుగింటి ఎండ కూడా ఆకుల్ని మాడ్చేస్తుంది. ఆ రెండు నెలలైనా కుండీని లోపలికి జరపాలి.

వెలుతురు చాలకపోతే మొక్కే చెబుతుంది. కణుపుల మధ్య దూరం పెరిగి తీగ సన్నగా సాగుతుంది. కొత్త ఆకులు చిన్నవిగా వస్తాయి. తెలుపు, పసుపు మచ్చలున్న ఆకులు క్రమంగా పచ్చగా మారిపోతాయి.

నీళ్లు ఎక్కువైతే ఎందుకు చనిపోతుంది?

వేళ్లు నీళ్లు తాగడమే కాదు, ఊపిరి కూడా తీసుకుంటాయి. మట్టి రేణువుల మధ్య ఉండే ఖాళీల్లోని గాలి నుంచే వాటికి ఆక్సిజన్ అందుతుంది. రోజూ నీళ్లు పోస్తే ఆ ఖాళీలన్నీ నిండిపోతాయి. వేళ్లకు గాలి ఆడదు, కుళ్లడం మొదలవుతుంది.

అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. కుళ్లిన వేళ్లు నీళ్లు పీల్చుకోలేవు. దాంతో కుండీ నిండా తడి ఉన్నా పైన ఆకులు దాహం వేసినట్టే వాలిపోతాయి. అది చూసి మనం ఇంకా నీళ్లు పోస్తాం.

అందుకే ఆకులు వాలితే ముందు కుండీ ఎత్తి చూడండి. తేలిగ్గా ఉండి మట్టి పొడిగా ఉంటే అది దాహం. నీళ్లు పోస్తే కొన్ని గంటల్లోనే తేరుకుంటుంది. పీస్ లిల్లీలో ఇది బాగా కనిపిస్తుంది. కుండీ బరువుగా ఉండి, మట్టి తడిగా ఉంటే మాత్రం చుక్క నీరు కూడా పోయొద్దు.

మరి ఎప్పుడు పోయాలి?

వారానికి ఇన్నిసార్లు అని లెక్క పెట్టుకోవద్దు. వానాకాలంలో పది రోజులైనా ఆరని మట్టి, మే నెలలో మూడు రోజులకే ఎండిపోవచ్చు. ఏసీ గదిలో ఒకలా, బాల్కనీ పక్కన ఒకలా ఉంటుంది.

మట్టిలో వేలు రెండు కణుపుల వరకు దించండి. తడి తగిలితే ఆగండి, పొడిగా ఉంటే పోయండి. స్నేక్ ప్లాంట్, జెడ్‌జెడ్‌లకైతే మట్టి పూర్తిగా ఎండాలి. చాలా ఇళ్లలో వీటికి రెండు మూడు వారాలకోసారి పోస్తే సరిపోతుంది.

పోసినప్పుడు అరగ్లాసుతో సరిపెట్టొద్దు. కింది రంధ్రంలోంచి నీరు కారేదాకా పోసి, పళ్లెంలో చేరిన నీటిని పారబోయాలి. షోకేస్‌లో పెట్టే పింగాణీ కుండీలకు చాలాసార్లు రంధ్రం ఉండదు. అలాంటిదైతే మొక్కను ప్లాస్టిక్ కుండీలోనే ఉంచి, దాన్ని లోపల పెట్టుకోండి. నీళ్లు పోయడానికి బయటికి తీసి, పూర్తిగా కారాక మళ్లీ పెట్టండి.

ఇప్పటికే వేళ్లు కుళ్లి ఉంటే? మొక్కను బయటికి తీసి చూడండి. గట్టిగా ఉన్నవి మంచి వేళ్లు. గోధుమ రంగులో మెత్తగా, వాసన వస్తున్నవి కుళ్లినవి. వాటిని శుభ్రమైన కత్తెరతో తీసేసి, పొడిగా ఉన్న కొత్త మట్టిలో నాటాలి. మనీ ప్లాంట్ అయితే ఇంకా సులువు. కణుపు ఉన్న ముక్క కత్తిరించి నీళ్లలో పెడితే కొత్త వేళ్లు వస్తాయి.

మట్టి ఎలా ఉండాలి?

నల్లరేగడి ఈ మొక్కలకు పనికిరాదు. నీటిని పట్టేసుకుని, ఎండితే రాయిలా బిగుసుకుపోతుంది. ఎర్రమట్టి, కోకోపీట్, వర్మీ కంపోస్ట్ సమపాళ్లలో తీసుకుని, గుప్పెడు ముతక ఇసుక గానీ పెర్లైట్ గానీ కలిపితే గుల్లగా ఉంటుంది. కుండీ మార్చేటప్పుడు పాతదానికన్నా రెండు అంగుళాలు పెద్దది చాలు. మరీ పెద్ద కుండీలో మట్టి త్వరగా ఆరదు.

కడియం, కడియపులంక నర్సరీల నుంచి వచ్చినా, మీ వీధి చివర కొన్నా.. తెచ్చిన రోజే కుండీ మార్చొద్దు. కొత్త చోటుకు అలవాటు పడేందుకు ఒకట్రెండు వారాలు ఇవ్వండి. అన్ని రోజులూ మిగతా మొక్కలకు దూరంగా ఉంచితే, పురుగులేమైనా ఉంటే తెలిసిపోతుంది. ఆకు వెనక, కాడ మొదట్లో దూది అంటినట్టు తెల్లగా కనిపిస్తే అది పిండినల్లి. తడి గుడ్డతో తుడిచేసి, లీటరు నీటిలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల లిక్విడ్ సోప్ కలిపి వారానికోసారి సాయంత్రం పూట స్ప్రే చేయాలి.

ఆకు చివర్లు మాడుతున్నాయా? నీళ్లను అనుమానించండి

బోరు నీటిలో లవణాలు ఎక్కువుంటే మట్టిపై తెల్లటి పొర కడుతుంది, ఆకుల కొసలు గోధుమ రంగులోకి మారతాయి. స్పైడర్ ప్లాంట్, డ్రసీనా జాతి మొక్కలు ఫ్లోరైడ్‌ను అసలు తట్టుకోలేవు. లక్కీ బాంబూ కూడా నిజానికి వెదురు కాదు, డ్రసీనానే. నల్గొండ లాంటి ఫ్లోరైడ్ ప్రాంతాల్లో బోరు నీళ్లు వాడేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. వాన నీరు పట్టి ఉంచుకుంటే అంతకన్నా మంచిది లేదు. ఆర్వో మెషిన్ వదిలేసే వేస్ట్ వాటర్ పోయొద్దు. వడపోతలో ఆగిన లవణాలన్నీ అందులోనే ఉంటాయి.

పిల్లలున్న ఇంట్లో ఈ మొక్కలతో జాగ్రత్త

చామదుంపలు, కంద కోసేటప్పుడు చేతులు దురద పెడతాయి కదా? వాటిలో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి. మనీ ప్లాంట్, మాన్‌స్టెరా, పీస్ లిల్లీ, అగ్లోనిమా, జెడ్‌జెడ్, డిఫెన్‌బాకియా.. ఇవన్నీ ఆ చామ కుటుంబానికి చెందినవే. ఆకు నమిలితే నోరు మండుతుంది, నాలుక, పెదాలు వాస్తాయి. డిఫెన్‌బాకియాతో ఇది మరీ ఎక్కువ. నోరు వాచి మాట రాకుండా చేస్తుందనే దానికి ఇంగ్లిష్‌లో డంబ్ కేన్ అని పేరొచ్చింది.

పిల్లలు పొరపాటున నమిలితే నోట్లో ఉన్న ముక్కలు తీసేసి, నీళ్లతో బాగా కడగాలి. చల్లటి నీళ్లు గానీ పాలు గానీ కొద్దిగా తాగించొచ్చు. బలవంతంగా వాంతి చేయించొద్దు. మింగడం కష్టమైనా, గొంతు వాచినా, ఊపిరి ఇబ్బందైనా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. వెళ్లేటప్పుడు ఆ ఆకు ఒకటి వెంట పట్టుకెళ్తే డాక్టర్‌కు పని సులువవుతుంది.

పాకే పిల్లలు, పిల్లులు, కుక్కలు ఉంటే అరెకా పామ్, స్పైడర్ ప్లాంట్, బోస్టన్ ఫెర్న్, కలథియా లాంటివి ఎంచుకోండి. ఇవి విషపూరితం కావు. స్నేక్ ప్లాంట్ తింటే మాత్రం కుక్కలకు, పిల్లులకు వాంతులు అవ్వొచ్చు.

సీసాలో మనీ ప్లాంట్.. దోమలకు ఇల్లు

డెంగ్యూను వ్యాపింపజేసే ఏడిస్ దోమ మురుగునీటి కన్నా ఇంట్లో నిలిచిన మంచినీటినే ఇష్టపడుతుంది. మనీ ప్లాంట్ సీసా, లక్కీ బాంబూ గిన్నె, కుండీ కింది పళ్లెం దానికి సరిగ్గా సరిపోతాయి. గుడ్డు నుంచి దోమ బయటికి రావడానికి వారం, పది రోజులు చాలు. కాబట్టి వారానికోసారి నీళ్లు మార్చాల్సిందే. అయితే నీళ్లు ఒంపేస్తే సరిపోదు. ఈ దోమ గుడ్లను నీటి అంచుకు కాస్త పైన, పాత్ర గోడకు అంటిస్తుంది. అవి నెలల తరబడి ఎండినా బతికుండి, మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి. సీసా లోపలి వైపు బ్రష్‌తో రుద్ది కడగాలి.

గాలిని శుభ్రం చేస్తాయా?

చేస్తాయని చెప్పి అమ్మేవాళ్లు చాలామందే. ఈ మాటకు మూలం 1989లో వచ్చిన నాసా అధ్యయనం. అయితే ఆ ప్రయోగం చేసింది గాలి చొరబడని చిన్న పెట్టెల్లాంటి గదుల్లో. మన ఇళ్లలో తలుపులు, కిటికీల నుంచి గాలి ఎప్పుడూ మారుతూనే ఉంటుంది. ఇలాంటి పాత ప్రయోగాలన్నిటినీ అమెరికాలోని డ్రెక్సెల్ యూనివర్సిటీ పరిశోధకులు 2019లో మళ్లీ లెక్కగట్టారు. గాలి మారడం వల్ల జరిగే శుభ్రతకు సమానం కావాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1,000 మొక్కలు పెట్టాలని తేల్చారు. అంటే కాసేపు కిటికీ తెరవడమే మేలు.

స్నేక్ ప్లాంట్ రాత్రిపూట ఆక్సిజన్ ఇస్తుందనేది కూడా అలాంటిదే. అది రాత్రి కార్బన్ డయాక్సైడ్ తీసుకునే మాట నిజం. కానీ ఆక్సిజన్ తయారవ్వాలంటే వెలుతురు ఉండాల్సిందే.

మొదటిసారి పెంచేవాళ్లు ఇలా మొదలుపెట్టండి

ఒకేసారి పది మొక్కలు కొనొద్దు. కిటికీ దగ్గర నీడ టెస్ట్ చేసి, దానికి తగ్గ ఒకటి రెండు తెచ్చుకోండి. పాకే పిల్లలు లేని ఇంట్లో మనీ ప్లాంట్, స్నేక్ ప్లాంట్ మంచి జోడీ. ఉన్న ఇంట్లో స్పైడర్ ప్లాంట్‌తో మొదలుపెట్టొచ్చు. కొనేటప్పుడు పూలు, పెద్ద ఆకులు చూసి మోసపోవద్దు. కొత్త చిగురు ఉందా, ఆకు వెనక శుభ్రంగా ఉందా, మొదలు గట్టిగా ఉందా చూడండి. ఇంటికి తెచ్చాక నీళ్ల మగ్గు పట్టుకునే ముందు, మట్టిలో వేలు పెట్టి చూడటం మర్చిపోవద్దు.