పాట ఎవరిది?

క్రిందటి సంవత్సరము మా సంఘ వార్షిక కూటముల కొరకు మేము ఒక చిన్న పాటల పుస్తకము అచ్చువేయించాము. పాత పుస్తకముల నుండి తీసుకున్నవి కొన్ని, క్యాసెట్లలోనూ ఫోన్లలోనూ విని వ్రాసుకున్నవి కొన్ని, మొత్తము అరవై పాటలు. మూడు వందల కాపీలు వేయించి, ఒక్కొక్కటి పదిహేను రూపాయలకు ఇచ్చాము. ఎవరి అనుమతీ అడగలేదు. దేవుని పాటలే గదా, అడుగుటకు ఏమున్నదని అనుకున్నాము.

మూడవ రాత్రి కూటము ముగిసిన తరువాత, ప్రక్క ఊరి నుండి వచ్చిన ఒక పెద్దాయన ఆ పుస్తకము పట్టుకొని మా యొద్దకు వచ్చారు. రిటైరైన బడి పంతులుగారు.

“అయ్యగారూ, పద్నాలుగో పాట నేను వ్రాసిందండి. రాగము కూడా నేను కట్టిందే. పేరు వేయకపోతే పోనివ్వండి. మూడో చరణములో ఒక మాట తప్పుపడి అర్థమే మారిపోయింది. అది ఒక్కటి దిద్దించండి” అన్నారు.

మేము తల ఎత్తలేకపోయాము. ఎన్నో ఏళ్ళుగా ఆ పాట పాడుతున్నాము. వ్రాసిన మనిషి ఇంత దగ్గరలో ఉన్నారని ఏనాడూ విచారించలేదు.

“అడగకుండా వేశాము, క్షమించండి మాస్టారూ” అన్నాము.

“నన్ను అడిగేదేముందండీ? 2003లోనే దాన్ని అమ్మేశాను. క్యాసెట్టు వేసేవారు వెయ్యి రూపాయలిచ్చి సంతకము చేయించుకున్నారు. అప్పటి నుండి అది నాది కాదు” అన్నారాయన. మనవరాలు ఆ పాట పాడి రికార్డు చేయిస్తానంటే, కేసు అవుతుందేమోనని వద్దన్నారట!

ఆ కాగితము తెమ్మని చెప్పి, మా సంఘములోనే ఉన్న ఒక లాయరుగారి యొద్దకు ఆయనను వెంటబెట్టుకొని వెళ్ళాము. ఆ సాయంత్రము నేర్చుకున్న సంగతులు పాటలు వ్రాసేవారికీ, పాడేవారికీ, అచ్చువేసేవారికీ అవసరమని తోచి ఇది వ్రాస్తున్నాము.

ఒక పాట, రెండు ఆస్తులు

ప్రతి పాటలోనూ రెండు ఆస్తులున్నవి. మాటలు, రాగము కలిసి ఒకటి. అది వ్రాసినవారిది, రాగము కట్టినవారిది. గాయకులను, వాద్యములను పెట్టి చేసిన రికార్డింగు రెండవది. అది ఖర్చుపెట్టి చేయించినవారిది. పొలము ఒకరిది, కౌలుకు తీసుకొని పండించిన పంట మరొకరిది అయినట్లే ఇదియును. పంట అమ్ముకున్నంత మాత్రమున పొలము కౌలుదారునిది కాదు.

సంగీత ప్రచురణ అంటే పుస్తకములు అచ్చువేయుటయే అని మేము తలంచేవారము. నిజానికి ప్రచురణకర్త ఈ మొదటి ఆస్తిని, అనగా పాటను, చూచుకొనేవాడు. పాటను ఎవరు వాడుకుంటున్నారో కనిపెట్టి, అనుమతులిచ్చి, సొమ్ము వసూలు చేసి, తన వాటా ఉంచుకొని, రచయిత వాటా రచయితకు చేర్చుట అతని పని.

ఈ ఏర్పాటులో ఒక ముఖ్యమైన భాగము పారిస్ నగరములో ఒక హోటలులో జరిగిన తగవుతో మొదలైనది. 1847లో ఎర్నెస్ట్ బూర్జే అనే రచయిత అక్కడ కూర్చుండగా, తన పాటనే వాద్యకారులు వినిపిస్తున్నారు. “నా పాటకు మీరు డబ్బివ్వనప్పుడు, త్రాగినదానికి నేనెందుకివ్వాలి?” అని ఆయన బిల్లు కట్టనన్నాడు. కోర్టు ఆయన పక్షమున తీర్పు చెప్పినది. రచయితల తరఫున సొమ్ము వసూలు చేసే సంఘము 1851లో అక్కడ ఏర్పడినది. మన దేశములో అటువంటి పని చేసే ఐ.పి.ఆర్.ఎస్. 1969లో ముంబయిలో స్థాపింపబడినది. గీత రచయితలు, సంగీత కర్తలు, ప్రచురణకర్తలు అందులో సభ్యులు.

చట్టము ఏమి చెప్పుచున్నది?

మన కాపీరైట్ చట్టము 1957 నాటిది. దాని ప్రకారము పాట మీద హక్కు రచయిత జీవితకాలము, ఆ తరువాత మరి 60 సంవత్సరములు ఉండును. 1890లో ప్రభువునందు నిద్రించిన పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలు ఎవరైనా అచ్చువేసుకోవచ్చును. అయినను ఆయన పేరు వేయుట మన ధర్మము.

ఆరాధనలో పాట పాడుటకు అనుమతి అక్కరలేదు. నిజమైన మతాచారములో పాడుటను, వివాహ వేడుకలతో సహా, చట్టము మినహాయించినది. కాని పాటను పుస్తకములో అచ్చువేసి పంచుట వేరు. ఆ మినహాయింపు దానికి వర్తించదు. మేము చేసిన తప్పు అదే.

ఇక పంతులుగారి కాగితము. ఈ పాట హక్కులు ఫలానా వారికి ఇచ్చినట్లు నాలుగు వరుసలున్నవి. ఎంతకాలము, ఏయే దేశములలో అన్నది లేదు. లాయరుగారు రెండుసార్లు చదివి ఇలా అన్నారు: “కాలము వ్రాయకపోతే చట్టము 5 సంవత్సరములని లెక్కగడుతుంది. దేశము వ్రాయకపోతే ఇండియా వరకే. మాస్టారూ, 2008లోనే మీ పాట మీకు తిరిగి వచ్చింది. వారి రికార్డింగు మాత్రము వారిదే.”

పంతులుగారు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, “అయితే మా పిల్ల పాడుకోవచ్చునా?” అని మాత్రము అడిగారు.

2012లో చట్టమునకు జరిగిన సవరణ రచయితకు మరింత మేలు చేసినది. హక్కులు వేరొకరికి వ్రాసి ఇచ్చినను, రాయల్టీలో సమానముగా పొందే హక్కును రచయిత వదులుకొనకుండునట్లు చట్టము కాపాడుచున్నది. వారసులకు గాని, ఐ.పి.ఆర్.ఎస్. వంటి కాపీరైట్ సంఘమునకు గాని తప్ప దానిని ఇచ్చివేయుటకు వీలులేదు.

మేము చేసినది

మూడవ చరణము సరిచేసి, పేరుతో చీటీ అచ్చువేయించి, మిగిలిన పుస్తకములలో అంటించాము. సంఘ పెద్దలు కూర్చుండి, జీవించియున్న రచయితలందరికీ క్షమాపణ చెప్పుచు, అనుమతి కోరుచు ఉత్తరములు వ్రాయవలెనని తీర్మానించారు. అరవై పాటలలో పదకొండింటి రచయితలెవరో నేటికిని మాకు తెలియలేదు. పనివాని జీతమును గూర్చి పౌలు తిమోతికి వ్రాసిన మాట మీద మేము ఎన్నోసార్లు ప్రసంగించాము. ఆ పనివారిలో పాట వ్రాసినవాడు కూడ ఉన్నాడని మాకు తట్టలేదు.

ప్రియ చదువరులారా, పాట అచ్చువేయకముందు వ్రాసినవారి కొరకు వెదకండి, అడగండి, పేరు వేయండి. మీరు పాట వ్రాసేవారైతే కాలము, దేశము, వాటా స్పష్టముగా లేని కాగితము మీద సంతకము చేయకండి, ఒక నకలు మీ యొద్ద ఉంచుకొనండి. మీ తండ్రిగారో తాతగారో పాటలు వ్రాసినవారైతే, ట్రంకు పెట్టెలోని ఆ పాత కాగితములు పారవేయకముందు తెలిసినవారిచేత ఒకసారి చదివించండి.